ఓయ్ అంటే వస్తున్నానని

ధర్మవరం స్టేషన్లో టికెట్లు తీసుకుని వెనక్కి తిరిగేసరికి మా మేనల్లుడి చుట్టూ నలుగురు మూగి ఉన్నారు. వాడు భుజం మార్చుకున్నప్పుడల్లా సంచిలో ఏదో గలగలమంటోంది.

"ఏముందప్పా అందులో? గజ్జెలా?" అని అడిగాడు ఒకాయన.

"బంతి అన్నా. ఫుట్‌బాల్" అన్నాడు వాడు.

ఆయన వాడి నల్ల కళ్లద్దాలను, చేతిలోని తెల్ల కర్రను చూసి, నిజమేనా అన్నట్టు నా వంక చూశాడు. నిజమేనని తలాడించాను. ఆయనకు నమ్మకం కుదరలేదు. ఆ పొద్దు నాకూ పూర్తిగా కుదరలేదనే చెప్పాలి.

మా అక్క కొడుక్కి పదిహేడేళ్లు. బెంగళూరులో చూపులేని పిల్లల హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. ఈ ఆట అక్కడే పట్టుబడింది. మొన్న సంక్రాంతికి ఇంటికొస్తూ ఒక కాగితం తెచ్చాడు. కేరళలో పది రోజుల ఫుట్‌బాల్ శిక్షణ. ఇంట్లోవాళ్లు సంతకం పెడితే తీసుకెళ్తారు. బావ సరేనన్నాడు. అక్క వద్దంది. మూడు రోజులు ఆ కాగితం దేవుడి పటం వెనకే ఉండిపోయింది. చివరికి అక్క నన్ను పిలిచి ఒక మాట చెప్పింది.

"హిందూపురంలో చిన్నమ్మ ఇంటికి ఇద్దరూ పొయ్యి రాండి. దారిలో పెనుకొండ చూపిచ్చు. రెండు దినాలు వాన్ని నువ్వే చూసుకో. వాడు మనం లేకుండా పొయ్యొచ్చేంతటోడని నీకు అనిపిస్తే చెప్పు, సంతకం పెడతా. అనిపీకుంటే అదీ చెప్పు."

ఆమె భయం నాకు తెలుసు. వీడికి ఆరేడేళ్లప్పుడు కరెంటు పోతే కంచం ఎక్కడుందో వెతుక్కునేవాడు. చీకట్లో ఎవరికైనా అంతేలే అనుకున్నాం. తర్వాత పక్కనుంచి వచ్చే సైకిల్ కనిపించేది కాదు. ఎదురుగా ఉన్నది మాత్రం గొట్టంలోంచి చూసినట్టు కనిపించేదట. డాక్టరు రెటినైటిస్ పిగ్మెంటోసా అన్నాడు. కంటి వెనక తెరలో వెలుగును పట్టే కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతూ వస్తాయి. దగ్గరి సంబంధాలు చేసుకుంటే పిల్లలకు ఇది వచ్చే అవకాశం పెరుగుతుందని కూడా చెప్పాడు. మా అక్కను ఇచ్చింది సొంత మేనమామకే. ఆ పెళ్లి కుదిర్చింది పెద్దవాళ్లు. తప్పును మాత్రం అక్క ఒక్కతే తన నెత్తిన వేసుకుంది. అప్పట్నుంచి వాడి చెయ్యి వదల్లేదు. పద్నాలుగేళ్లకు వాడికి వెలుగూ చీకటీ తేడా తప్ప ఏమీ తెలియకుండా పోయింది.

వాళ్లింట్లో పట్టుచీరల మగ్గం ఉంది. ధర్మవరంలో చాలా వీధుల్లో గుమ్మం ముందు నిలబడితే లోపల్నుంచి మగ్గం చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడును బట్టి వాడు అమ్మ నేస్తోందో నాన్న నేస్తోందో చెప్పేస్తాడు. చిన్నప్పుడు వాడి మొదటి ఆట బంతి కూడా మగ్గం ఇంటిదే. రబ్బరు బంతిని చీరల ప్లాస్టిక్ కవర్లో చుట్టి దారంతో కట్టేవాడు. నేలమీద దొర్లితే కవరు గరగరమనేది. ఆ చప్పుడు వెంట పరిగెత్తేవాడు. అదేదో పిల్లచేష్ట అనుకున్నాను. సరైన బంతి దొరకని చోట్ల చూపులేని పిల్లలు చాలా దేశాల్లో ఇలాగే ఆడతారని నాకు తెలిసింది ఈ మధ్యనే.

బెంగళూరు వైపు వెళ్లే ప్యాసింజరు ఎక్కాం. కిటికీ సీటు నాకు ఇచ్చి, "నువ్వు చూడు మామా, నాకు గాలి చాలు" అని నవ్వాడు. ఎదురుగా కూర్చున్న ముసలాయన కాసేపు చూసి, లేచి వచ్చి వాడి అరచేతిలో పది రూపాయల నోటు పెట్టాడు. నాకు ఒళ్లు మండింది. వాడు మాత్రం నోటును వేళ్లతో తడిమి వెనక్కి చాపాడు. "తాతా, నాకూ నా వెంబడొచ్చే మామకూ రైల్వేవాళ్లే టికెట్లో రాయితీ ఇచ్చినారు. ఇది నువ్వే పెట్టుకో, టీ తాగు" అన్నాడు. ముసలాయన నొచ్చుకోలేదు. పక్కకు జరిగి కూర్చుని, "అయితే ఆ బంతి చూపీ" అన్నాడు.

బంతి బయటికొచ్చింది. మామూలు ఫుట్‌బాల్ కన్నా చిన్నది, కానీ బరువు ఎక్కువ. లోపల చప్పుడు చేసే బిళ్లలు ఉంటాయి. పెద్దగా ఎగరదు, నేలను అంటిపెట్టుకుని దొర్లుతుంది. ముసలాయన ఒళ్లో పెట్టుకుని ఊపుతూ కూర్చుంటే వాడు ఆట గురించి చెప్పుకొచ్చాడు. బోగీలో సగంమంది విన్నారు.

జట్టుకు ఐదుగురే. నలుగురు చూపులేని ఆటగాళ్లు, ఐదో వాడు గోలీ. గోలీకి చూపుంటుంది. కానీ అతను గోలు ముందున్న చిన్న గీత దాటి రాకూడదు. మిగతా నలుగురి కళ్లకూ గంతలుంటాయి. "చూపు లేనోళ్లకు మళ్లా గంతలెందుకప్పా?" అని అడిగిందొక ఆమె. ఒకరికి వెలుగు కాస్త తెలుస్తుంది, ఇంకొకరికి అదీ తెలీదు. గంతలు కడితే అందరూ సమానం. కొద్దిగా చూపున్న వాళ్లకు ఆట వేరే ఉంది. గంతలుండవు, బంతిలో చప్పుడుండదు. మైదానమంతా వెలుతురు ఒకే తీరుగా పడేట్టు చూసుకుంటారు.

మైదానం పొడవు 40 మీటర్లు, వెడల్పు 20. రెండు పక్కలా నడుమెత్తు కన్నా కాస్త పైకి పలకలు నిలబెడతారు. బంతి బయటికి పోదు, పలకకు తగిలి తిరిగొస్తుంది. తడబడినవాడికి పలక తగిలితే తానెక్కడున్నాడో అర్థమవుతుంది. ఆఫ్‌సైడ్ లేదు. ఇప్పటి నిబంధనల ప్రకారం 15 నిమిషాల చొప్పున రెండు సగాలు. దారి చెప్పేవాళ్లు ముగ్గురు. మన గోలు వైపు మూడో వంతులో గోలీ చెబుతాడు. మధ్యలో కోచ్ చెబుతాడు. అవతలి గోలు వెనక ఒక గైడ్ నిలబడి, "ఇటు తిరుగు, ఎనిమిది మీటర్లు, కొట్టు" అని కేకేస్తాడు. ఒకరి వంతులో ఇంకొకరు నోరెత్తకూడదు.

"ఇంకోటి ముఖ్యం" అన్నాడు మా వాడు. "బంతి దగ్గిరికి పొయ్యేవాడు 'వోయ్' అనాల. అనకుండా మీదికి పోతే ఫౌలు."

"ఓయ్ అని మనం పిలుస్తాం కదప్పా" అన్నాడు ముసలాయన.

"అది స్పానిష్ మాట తాతా. వస్తున్నా, పోతున్నా అని అర్థం."

నాకు అనంతపురంలో గ్రామీణాభివృద్ధి సంస్థ గుర్తొచ్చింది. బార్సిలోనా నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్, అన్నె ఫెర్రర్‌తో కలిసి 1969లో మొదలుపెట్టిన సంస్థ అది. మా జిల్లాల్లో బత్తలపల్లి ఆసుపత్రికి పోని ఇల్లు తక్కువ. స్పెయిన్ మాట మాకు ఇంతకుముందే చుట్టం అన్నమాట. వాడు చెప్పే ఆట కూడా చిన్నదేమీ కాదు. 2004 ఏథెన్స్ నుంచి పారాలింపిక్స్‌లో ఉంది. మొదటి ఐదుసార్లూ స్వర్ణం బ్రెజిల్‌దే. 2024లో ప్యారిస్‌లో ఈఫిల్ టవర్ పక్కనే జరిగిన ఫైనల్లో అర్జెంటీనాను పెనాల్టీల్లో ఓడించి ఫ్రాన్స్ గెలిచింది. పారాలింపిక్స్‌లో ఇది ఇప్పటివరకూ మగవాళ్ల ఆటే. ఆడవాళ్ల ప్రపంచ పోటీలు 2023లో బర్మింగ్‌హామ్‌లో మొదలై, 2025 అక్టోబరులో మన కొచ్చిలోనే జరిగాయి.

పెనుకొండలో దిగాం. స్టేషన్ నుంచి ఊళ్లోకి ఆటో. 1565లో రక్కసి తంగడి యుద్ధం పోయాక విజయనగర రాజులు హంపిని వదిలి రాజధానిని ఇక్కడికే తెచ్చుకున్నారు. ఊరికి అడ్డంగా కొండ, కొండకు చుట్టుకున్న గోడలు, ఊరి మధ్యలో గగన్ మహల్, బాబయ్య దర్గా. ఇప్పటి పిల్లలకు పెనుకొండ అంటే ముందు గుర్తొచ్చేది మాత్రం ఎర్రమంచి దగ్గరి కియా కార్ల ఫ్యాక్టరీ. 2019 నుంచి అక్కడ కార్లు తయారవుతున్నాయి. రోడ్డు దాటేటప్పుడు మా వాడు నిలబడిపోయాడు. లారీలు, బస్సులు పోతుంటే వాడికి ఇబ్బంది లేదు. ఎక్కడ్నుంచి వస్తున్నాయో చెవి చెప్పేస్తుంది. "ఈ కరెంటు స్కూటర్లే మామా నా ప్రాణానికొచ్చింది. వోయ్ అనకుండా వస్తాయి" అన్నాడు.

కోట ద్వారం కిందికి పోయేసరికి ఆగి, నాలుకతో టక్కుమన్నాడు. "పైన కప్పుండాది కదా. ఎత్తు బాగానే ఉండాది. ఎడమ పక్క గోడ దగ్గిర." నేను తలెత్తి చూశాను. ఆ ద్వారం కింద ఎన్నిసార్లు పోయుంటానో, దాని ఎత్తును ఎన్నడూ పట్టించుకోలేదు. నేను శాసనాలూ రాజులూ చెబుతుంటే వాడు రాళ్ల అతుకులు తడుముతూ నడిచాడు. "సున్నం లేకుండానే ఇంత గట్టిగా కూర్చోబెట్టినారే" అన్నాడు ఒకచోట.

తర్వాత కొండ మెట్లు. అసలు తప్పు అక్కడ జరిగింది. మెట్లు ఎగుడుదిగుడుగా ఉన్నాయని నాకు గుండె దడ. వాడి మణికట్టు పట్టుకుని ముందుకు లాగుతూ, "పైకి, పైకి, జాగ్రత్త, ఇటు, కాదు అటు, చూసుకో" అంటూనే ఉన్నాను. పదిహేను మెట్లు ఎక్కామో లేదో, వాడి కాలు జారింది. మోకాలు రాతికి కొట్టుకుంది. ఒక్క క్షణం అక్క ముఖం కళ్లముందు కనబడింది. సంతకం లేదు, ఏమీ లేదు, తిరిగి పోదాం పా అనేశాను.

వాడు మెట్టు మీద కూర్చుని మోకాలు తుడుచుకున్నాడు. "భయపడితివా మామా?"

"పడకుండా ఎట్లుంటుందిరా?"

"నువ్వు లాగినావు కాబట్టి నేను పడితిని. నువ్వు లాగితే మెట్టు ఎంత ఎత్తుందో నాకు తెలీదు. నీ మోచెయ్యి నేను పట్టుకుంటా. నువ్వు మామూలుగా నడువు. నీ చెయ్యి లేస్తే మెట్టుందని నాకే తెలుస్తాది. ఊరికే మాట్లాడొద్దు. ఒకేసారి పది మాటలు చెప్తే యా మాట వినాల నేను?"

పట్టుకోవాల్సింది వాడట, నడవాల్సింది నేనట. ఇంత చిన్న సంగతి పదేళ్లుగా మా ఇంట్లో ఎవరికీ తెలీదు. మేమంతా వాణ్ని లాగుతూనే ఉన్నాం. అప్పట్నుంచి వాడు నా మోచెయ్యి పట్టుకుని అర అడుగు వెనక నడిచాడు. ఎక్కాలనుకున్నంత ఎక్కాం. పైన గాలి హోరుమంటోంది. కింద ఊరు, చెరువు, దూరంగా రైలుపట్టాలు కనిపిస్తున్నాయి. వాడు చాలాసేపు అటే ముఖం పెట్టి నిలబడి, "రైలు పోతాంది చూడు" అన్నాడు. నాకు కనిపించలేదు. కాసేపటికి గుట్ట మలుపులోంచి బయటికొచ్చింది.

హిందూపురానికి బస్సులో పోయాం. ఆడవాళ్లకు ఉచితం పెట్టాక మా పల్లెవెలుగుల్లో కాలు పెట్టే సందుండదు. ఒకామె చింతపండు మూట వీడి కాళ్లమీదే పెట్టింది. హిందూపురం ఎప్పట్నుంచో బెల్లం, చింతపండు, పట్టుగూళ్ల వ్యాపారం ఊరు. బస్సు దిగగానే, "బెల్లం వాసనొస్తాంది, వచ్చినట్లుండామే" అన్నాడు వాడు. కర్ణాటక సరిహద్దు పక్కనే. బజారులో ఒక మాట తెలుగులో మొదలై కన్నడంలో ముగుస్తుంది.

చిన్నమ్మ ఇంట్లో ఆ రాత్రి మాటలన్నీ దీపిక చుట్టూ తిరిగాయి. దీపిక మా మడకశిర తట్టు అమ్మాయి. అమరాపురం మండలం తంబలహట్టి. పసితనంలోనే చూపు పోగొట్టుకుంది. కూలినాలి చేసుకునే ఇంటి పిల్ల. ఆ అమ్మాయే కెప్టెన్‌గా 2025 నవంబరు 23న కొలంబోలో మన ఆడపిల్లల జట్టు నేపాల్‌ను ఏడు వికెట్ల తేడాతో ఓడించి, చూపులేని మహిళల మొట్టమొదటి టీ20 ప్రపంచకప్పు తెచ్చింది. వాళ్ల క్రికెట్టూ చెవితోనే. బంతి గట్టి ప్లాస్టిక్‌ది, లోపల గలగలమనే గుళ్లుంటాయి. చెయ్యి కిందినుంచి, నేలమీద పడేట్టు వేస్తారు. వేసేముందు 'రెడీ?' అని అడగాలి, బ్యాటు పట్టినామె 'ఎస్' అనాలి, అప్పుడు 'ప్లే' అని వెయ్యాలి. అసలే చూపులేని ఆటగత్తె కొట్టిన పరుగులకు రెట్టింపు లెక్క. డిసెంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్‌ను కలిసినప్పుడు, తమ ఊరికి రోడ్డు వెయ్యమని ఆ అమ్మాయి అడిగింది.

"కప్పు తెచ్చిన పిల్ల రోడ్డు అడిగింది చూడు" అంది చిన్నమ్మ. "ఇంకేం అడగాల అవ్వా? పొయ్యేకి దారుంటే చాలు కదా" అన్నాడు మా వాడు.

మరునాడు సాయంత్రం చిన్నమ్మ మనవళ్లు, వాళ్ల స్నేహితులు కలిసి పది మంది దాకా స్కూలు మైదానానికి బయల్దేరారు. పలకలు లేవు కాబట్టి ఒక పక్క కాంపౌండు గోడ, ఇంకో పక్క ఆపిన మోటారు సైకిళ్ల వరస. గోలుకు రెండు ఇనుప కుర్చీలు. మా వాడు బంతి కింద పెట్టగానే పది మందీ ఒక్కసారే మొదలుపెట్టారు. "అన్నా ఇటు!" "కాదన్నా కుడికి!" "ఇక్కడ ఇక్కడ!" చప్పట్లు, ఈలలు. ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాదు. అందరికీ సాయం చెయ్యాలనే. వాడు మధ్యలో నిలబడి, తల అటూ ఇటూ తిప్పి, రెండు చెవులూ మూసుకున్నాడు.

"అందరూ అరిస్తే నాకు బంతి కనపడదు" అన్నాడు. కనపడదు అనే అన్నాడు.

ఆ మాటతో పిల్లలు నోళ్లు మూశారు. వాడు ఒక్కొక్కరికీ పని అప్పజెప్పాడు. తువ్వాళ్లతో ముగ్గురి కళ్లకు గంతలు. ఒక పిల్లోడు గోలీ. గోలు వెనక గైడ్‌గా నేను. చూసేవాళ్లు గోలు పడేదాకా మాట్లాడకూడదు. నేను ముందు పెనుకొండ మెట్ల మీద లాగానే మొదలుపెట్టాను, "ఇటు రా, ఇంకాస్త, కాదు..." అంటూ. వాడు బంతి మీద కాలు పెట్టి ఆగాడు. "మామా. ఎన్ని మీటర్లు? యా పక్క? అంతే." నేను మళ్లీ మొదలుపెట్టాను. "ఏడు మీటర్లు. కాస్త ఎడమ." రెండు పాదాల మధ్య బంతిని టకటకా ఆడిస్తూ వస్తుంటే, గంతలు కట్టుకున్న పిల్లలు చేతులు చాపి నేలకు అతుక్కుపోయినట్టు నిలబడ్డారు. మైదానంలో పరిగెత్తుతున్నవాడు వాడొక్కడే.

అంతలో ఒక పిల్లోడు చప్పుడు విని ఆవేశంగా దూకాడు. నోటివెంట మాట లేదు. ఇద్దరి తలలూ ఠప్పుమని కొట్టుకున్నాయి. మా వాడి కనుబొమ్మ మీద చిట్లి రక్తం కారింది. నేను పరిగెత్తుకుపోయాను. ఆ పిల్లోడు ఏడుపు ముఖంతో, "సారీ అన్నా, నాకు కనపళ్లేదు" అన్నాడు. మా వాడు నవ్వేశాడు. "నాకూ కనపళ్లేదు లేరా. వోయ్ అనాల. ఇది నీ ఫౌలు. పెనాల్టీ."

కట్టు కట్టించుకుని వచ్చి మరీ పెనాల్టీ కొట్టాడు. గైడ్ గోలు గుంజలు తట్టి చూపించాలట. నేను ఒక రాయి తీసుకుని కుడి కుర్చీని రెండుసార్లు, ఎడమ కుర్చీని రెండుసార్లు కొట్టాను. వాడు తల కాస్త వంచి విన్నాడు. మైదానంలో చీమ చిటుక్కుమనలేదు. దారినపోయే ఇద్దరు ముగ్గురు కూడా ఆగి, ఎందుకో తెలియకుండానే మాటలు ఆపేశారు. బంతి గలగలమంటూ నా కాళ్ల మధ్యలోంచి పోయి వెనక గోడకు తగిలింది. అప్పుడు లేచింది చూడండి అరుపు!

ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచించాను. ఆటలో మార్చింది చూస్తే పెద్దగా ఏమీ లేదు. బంతిలో నాలుగు బిళ్లలు, పక్కన పలకలు, ఒక మాట. ఎక్కువగా మార్చుకోవాల్సింది చుట్టూ ఉన్నవాళ్లే. గోలీ గీత దాటకూడదు, గైడ్ తన వంతు వచ్చినప్పుడే మాట్లాడాలి, జనం నోరు కట్టుకోవాలి, ఎదురొచ్చేవాడు చెప్పి రావాలి. ఇవన్నీ జరిగితే వాడు పరిగెత్తగలడు. అక్క నన్ను వాడికి పరీక్ష పెట్టమంది. రెండు రోజుల్లో వాడు రెండుసార్లు దెబ్బ తిన్నాడు. మొదటిది నేను లాగినందుకు. రెండోది చూపున్న పిల్లోడు మాట మరిచినందుకు. వాడంతట వాడు పడింది ఒక్కసారి కూడా లేదు.

ధర్మవరం చేరేసరికి అక్క మగ్గం మీదే ఉంది. కట్టు చూసింది. నాడె చేతిలోనే ఆగిపోయింది. నన్ను తిడుతుందనుకున్నాను. ఏమీ దాచకుండా జరిగింది జరిగినట్టు చెప్పాను. మెట్లమీద నేను చేసిన తప్పు కూడా. ఆమె విని, చాలాసేపటికి ఒకటే అడిగింది. "ఆ మాటేంది? బంతి మీదికి వచ్చేటప్పుడు అనాల్సింది?" చెప్పాను. సంతకం మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మరునాడు పొద్దున వాడు వసారాలో కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నాడు. అక్క నీళ్ల బిందె ఎత్తుకుని వాకిట్లోంచి లోపలికి వస్తోంది. ఎప్పుడూ అయితే, "లెయ్యి, పక్కకు జరుగు, తగుల్తావు" అంటూ వాణ్ని భుజం పట్టి జరిపేది. ఆ పొద్దు రెండడుగుల దూరంలో ఆగి, కాస్త సిగ్గుపడుతూ, "ఓయ్" అంది.

వాడు కాళ్లు ముడుచుకుని దారిచ్చాడు. దేవుడి పటం వెనక కాగితం కోసం చూస్తే అక్కడ లేదు. వాడి సంచిలో, బంతి పక్కన ఉంది. కింద అక్క సంతకం.